బొంత మీది పేరు ఉతుకులకు నిలవాలంటే

సంపాదకులకు నమస్కారములు.

పాత చీరలతో కుట్టిన బొంతకు ఒక మూల తెల్లగుడ్డ పట్టీ వేసి, ఎవరు కుట్టారో, ఏ బిడ్డ కోసం కుట్టారో రాసి, చుట్టూ పువ్వులో చిలుకలో గీసి రంగులు నింపడం నాకు తెలిసిన కుట్టుపనివారు చాలామంది ఇష్టంగా చేస్తున్నారు. ఆ రంగులు నాలుగు ఉతుకులకే కారిపోయి, అక్షరాలు అలుక్కుపోతున్నాయని వారందరి బాధ. పెన్ను నాసిరకమని దుకాణదారును తప్పుపడతారు గాని, చాలావరకు లోపం గుడ్డను సిద్ధం చేయడంలోనూ, వేడి సరిగా పట్టించకపోవడంలోనూ ఉందని నా అభిప్రాయం.

కొత్త గుడ్డలో నేసేటప్పుడు పడుగుకు, అంటే నిలువు పోగులకు, పట్టించిన గంజి ఉంటుంది. పొందూరు ఖద్దరైనా, మిల్లు గుడ్డైనా, ఉతకకుండానే రంగు వేస్తే ఆ రంగు నూలుకు బదులు గంజికి అంటుకుని, గంజితోపాటే నీళ్లలోకి దిగిపోతుంది. అందువల్ల పట్టీ గుడ్డను వేడినీళ్లలో సబ్బు వేసి ఉతికి, సబ్బు పూర్తిగా పోయేలా జాడించి, మళ్లీ గంజి పెట్టకుండా ఆరవేయాలి. గుడ్డ నూటికి నూరు పాళ్లు నూలుదే కావాలి. టెరీకాటన్ అయితే తరువాత పెట్టవలసిన వేడికి తట్టుకోదు.

పిల్లల స్కెచ్ పెన్నుల రంగు నీటిలో కరిగేది కనుక దానిని ఏ ఉపాయమూ నిలబెట్టలేదు. నీటిలో కరగని పిగ్మెంటు ఉన్న ఫ్యాబ్రిక్ మార్కర్లు, ఫ్యాబ్రిక్ పెయింట్లు మాత్రమే ఈ పనికి తగినవి. మైనపు క్రేయాన్లు కూడా పనికివస్తాయి. గుడ్డ జారకుండా కింద ఉప్పు కాగితం (గరుకు కాగితం) ఉంచి ఒత్తి రంగు వేసి, పైనా కిందా తెల్లకాగితం పెట్టి ఇస్త్రీ చేస్తే, మైనం కాగితంలోకి పోయి రంగు నూలులో మిగులుతుంది. అయితే తరచుగా ఉతకవలసిన పసిపిల్లల బొంతకు పెయింటే మేలు.

అసలు కీలకం ఇస్త్రీలో ఉంది. పెయింటు ఒక రోజంతా ఆరిన తరువాత, పట్టీని బోర్లించి, పైన పలుచని గుడ్డ వేసి, నూలుకు తగిన వేడిలో రెండు మూడు నిమిషాలు, పెట్టెను ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఇస్త్రీ చేయాలి. ఆ పొడి వేడికే పెయింటులోని జిగురు గట్టిపడి రంగును నూలుకు పట్టి ఉంచుతుంది. ఆవిరి పెట్టకూడదు, అలవాటు కొద్దీ నీళ్లు చిలకరించకూడదు. బొగ్గుల ఇస్త్రీ పెట్టె అయినా చక్కగా సరిపోతుంది. ఇదంతా పట్టీని బొంతకు కుట్టకముందే జరగాలి. బొంతలో పాలిస్టర్ చీర ఉంటే అంత వేడికి ముడుచుకుపోతుంది.

ఉప్పునీళ్లలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు గట్టిపడుతుందని చెప్పేవారి మాట నమ్మి ఎన్నో పట్టీలు పాడవుతున్నాయి. ఉప్పు రంగుతొట్టిలో ఉన్నప్పుడు రంగును నూలు వైపు నెట్టడానికి సాయపడుతుందే తప్ప, వేసేసిన రంగును బంధించదు. వెనిగర్ ఉన్ని, పట్టు అద్దకాలలో పనికివస్తుంది, నూలుకు కాదు. 1956లో మార్కెట్లోకి వచ్చిన రియాక్టివ్ రంగులు మాత్రం చాకలిసోడా సాయంతో నూలుతో రసాయనికంగా కలిసిపోతాయి, కాని అవి అద్దకం పనికి చెందినవి.

పూర్వం చాకలివారు నల్లజీడి గింజల రసంతో బట్టలకు గుర్తులు పెట్టి, పైన సున్నం అద్దేవారు. ఆ నలుపు ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. ఆ విద్యను నేను గౌరవిస్తాను. కాని ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి కనుక బొంతలకు దానిని ఎవరూ ప్రయత్నించవద్దని మనవి.

కుట్టు శిక్షణ కేంద్రాలవారు రంగు నిలిపే ఈ పద్ధతిని కత్తిరింపుతోపాటే నేర్పాలని, అమ్మకానికి పెట్టే ప్రతి బొంతకూ ముందు అదే గుడ్డ ముక్క మీద అదే రంగు వేసి, ఇస్త్రీ చేసి, ఉతికి చూపించమని చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. దుకాణదారులు కూడా తాము అమ్మే పెన్ను గుడ్డకు పనికివస్తుందో లేదో కొనేవారికి ముందే చెప్పాలి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
రాజాం, విజయనగరం జిల్లా