మా తమ్ముడి కోసం పరుగులు పెట్టిన వారందరికీ కృతజ్ఞతలు

గడ్డిమందు కడుపులోకి వెళ్ళిన 46 రోజుల తరువాత, నిన్న సాయంత్రం మా తమ్ముడు ఎవరి ఆసరా లేకుండా ఇంటి నుంచి చెరువు కట్ట దాకా నడిచాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు గానీ కూర్చోలేదు. వాడు ఇలా నడవడానికి కారకులైన వారిలో చాలామంది తమ పేర్లు రాయవద్దన్నారు కాబట్టి, వారు చేసిన పనినైనా రాసి కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

జరిగింది పొరపాటు, అది మా ఇంటివారి పొరపాటే. పత్తి సాళ్ళ మధ్య గడ్డికి కొట్టగా మిగిలిన పారాక్వాట్ అనే గడ్డిమందును ఒక ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పోసి, మోటారు దగ్గర తాగే నీళ్ళ పక్కన పెట్టాము. ఎవరూ పొరపాటున తాగకూడదని కంపెనీలు ఆ మందుకు నీలి ఆకుపచ్చ రంగు, దుర్వాసన, వాంతి తెప్పించే పదార్థం కలుపుతాయి. అయినా పొద్దుగూకే వేళ అది నల్లటి కూల్‌డ్రింకులాగే కనిపించింది, జలుబు చేసి ఉన్న వాడికి వాసన తెలియలేదు. నోట్లో పోసుకున్న దానిలో చాలావరకు ఉమ్మేశాడు, కొంత మింగాడు.

ఆ రోజు మా చేనుకు కూలికి వచ్చిన పెద్దమ్మకు ముందుగా నమస్కరిస్తున్నాను. వాడి చొక్కా విప్పించి, మీద పడినదంతా సబ్బుతో కడిగించి, మేమందరం బండి కోసం అరుచుకుంటూ ఉండగా గట్టు మీద మందు డబ్బా వెతికి తెచ్చి నా చేతిలో పెట్టినది ఆమె. "ఏం మందని అడుగుతరు, ఇది చూపియ్యి బిడ్డా" అన్నది. దారిలో చూపించిన ఒక చిన్న ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, మనిషి బాగానే ఉన్నాడు, తెల్లారేదాకా చూద్దామన్నారు. ఈ మందు చేసే మోసమే అది. మొదటి రోజు మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు. ఒకటి రెండు రోజుల్లో నోరు, గొంతు పుండ్లవుతాయి, ఆ వెంటనే మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి, ఆ తరువాత రోజులు, వారాలు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు గట్టిపడతాయి. మా వీధిలోనే ఉండే ఆరోగ్య కేంద్రం నర్సు గారు డబ్బా మీది పేరు చదివి, ఒక్క నిమిషం కూడా ఆగవద్దని తానే 108 పిలిచి పెద్దాసుపత్రికి పంపించారు. ఆమె రుణం తీర్చుకోలేనిది.

పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో వెళ్ళిన వెంటనే బొగ్గు పొడి కలిపిన ద్రవం తాగించారు. ఈ విషానికి ముల్తానీ మట్టి కూడా వాడతారని అక్కడే విన్నాను. ఈ మందు నేల మీద పడగానే బంకమన్నుకు అంటుకుపోయి పనిచేయడం మానేస్తుందని, ఆ గుణాన్నే కడుపులోనూ వాడుకుంటారని ఒక జూనియర్ డాక్టరు చెప్పారు. ఆయన నా ఎదుటే వాడి మూత్రంలో ఏదో పొడి వేసి కలిపితే, ఆ పరీక్ష గొట్టం లేత నీలంగా మారింది. రంగు ఎంత ముదిరితే ప్రమాదం అంత ఎక్కువట. ఆ లేత నీలాన్ని నేను బతికినంతకాలం మరిచిపోలేను.

మూడో రోజు రాత్రి విధుల్లో ఉన్న డాక్టరు గారికి నేను కృతజ్ఞతతో పాటు క్షమాపణ కూడా చెప్పుకోవాలి. తమ్ముడు ఎగశ్వాసతో ఉంటే ఆక్సిజన్ పెట్టడం లేదని, పేదవాళ్ళమని నిర్లక్ష్యం చేస్తున్నారని వార్డు మధ్యలో నిలబడి ఆయనను నోటికి వచ్చినట్టు అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఈ మందు ప్రత్యేకంగా ఊపిరితిత్తులలో పేరుకుంటుందని, అక్కడి ఆక్సిజన్‌ను వాడుకుని కణాలను దెబ్బతీసే పదార్థాలను మళ్ళీ మళ్ళీ పుట్టిస్తుందని, అవసరం లేకుండా ఆక్సిజన్ ఇవ్వడమంటే పొయ్యిలో ఊదడమేనని, రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతే అప్పుడు తప్పక ఇస్తామని చెప్పారు. రాత్రి రెండు గంటలకు, ఇంకో పన్నెండు మంది రోగులను చూడవలసిన మనిషి, నాకు ఇదంతా ఓపికగా చెప్పారు. సార్, ఆ రాత్రి నేనన్న మాటలకు అందరి ముందూ క్షమాపణ కోరుతున్నాను.

దీనికి విరుగుడు లేదన్న సంగతిని ఆయన దాచలేదు. రక్తాన్ని వడపోసే చికిత్స, స్టెరాయిడ్లు ఇస్తూనే, అవి కచ్చితంగా పనిచేస్తాయని మాట ఇవ్వలేనని చెప్పారు. ఐదో రోజుకు, మూత్రపిండాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తంలో 4.8కి చేరింది, డయాలిసిస్ విభాగం వారు రాత్రింబవళ్ళు చూసుకుంటే, మూడు వారాలకు 1.3కి దిగింది. నాలుక పై పొర ఊడిపోయి నీటి చుక్క కూడా మింగలేని రోజుల్లో, ప్రతి రెండు గంటలకూ వాడి నోరు మెల్లగా శుభ్రం చేసి, చల్లటి నీళ్ళు చెంచాతో పట్టిన సిస్టర్ గారిని మా అమ్మ ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంది. వాడు బతకడానికి మొదటి కారణం ఉమ్మేయడమేనని డాక్టర్లందరూ చెప్పారు. దానివల్ల వారు చేసిన దాని విలువ నాకు ఇసుమంత కూడా తగ్గలేదు.

కేరళ 2011లో, దక్షిణ కొరియా 2012లో ఈ మందును ఆపేశాయని, కొరియాలో ఆ తరువాత పురుగుమందుల మరణాలు బాగా తగ్గినా పంట దిగుబడి మాత్రం తగ్గలేదని కూడా ఆ డాక్టరు గారే చెప్పారు. అందుకే మా చేలో ఇక మీదట గడ్డిని గుంటకతోనూ కొడవలితోనూ తీయాలని నిర్ణయించుకున్నాము. కూలి ఖర్చు పెరుగుతుందని తెలిసే ఈ మాట అంటున్నాను.

పదో తరగతి స్నేహితులు, ఊరివారు, దుబాయిలో పనిచేస్తున్న మా ఊరి అన్నలు కలిసి పంపినది 2,36,000 రూపాయలు. మందులకు, రవాణాకు, బయట చేయించిన పరీక్షలకు 1,95,000 అయింది. రసీదులన్నీ నా దగ్గర ఉన్నాయి, ఎవరు ఎప్పుడు అడిగినా చూపిస్తాను. మా పక్క మంచంలో ఇదే మందు ఎక్కువగా మింగిన ఒక పిల్లవాడు నాలుగో రోజు చనిపోయాడు. అతని తల్లి వద్ద శవాన్ని ఊరికి తీసుకువెళ్ళడానికి కూడా డబ్బు లేదని తెలిసి, ఆనాడే స్నేహితులను ఫోనులో అడిగి అందులో నుంచి 15,000 ఆమెకు ఇచ్చాము. మిగిలిన 26,000 తమ్ముడి తదుపరి పరీక్షల కోసం ఉంచాను. వచ్చే నెల మొదటి వారంలో వాడికి మళ్ళీ ఊపిరితిత్తుల సీటీ తీయాలి.