ముందు రేకు సంగతి చూడండి, తర్వాతే భూమిలో పైపు

సంపాదకులకు నమస్కారం.

తోటలో రేకుల షెడ్డును చల్లబరచడానికి భూమిలో పైపు పాతి, దానిగుండా గాలి పంపే పద్ధతిని ‘ఖర్చులేని ఏసీ’ అంటున్నారు. లెక్క వేస్తే ఆ మాట నిలవదు. నాలుగంగుళాల పైపులో గంటకు 100 ఘనమీటర్ల గాలి 34 డిగ్రీల నుంచి 27కి దిగితే, తగ్గే వేడి సుమారు 200 వాట్లే. ఒక టన్ను ఏసీ 3,500 వాట్ల వేడిని గదిలోంచి తోడేస్తుంది. పదడుగుల చదరపు రేకు మీద మిట్టమధ్యాహ్నం పడే ఎండేమో దాదాపు 8,000 వాట్లు! అందుకే ముందు రేకుకు ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్‌రూఫ్ పెయింటు, కింద కాస్త ఖాళీ వదిలి రెండంగుళాల థర్మోకోల్. ఆ తర్వాతే తవ్వకం.

రెండు మీటర్ల లోతున నేల వేడి ఊరి ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. బెంగళూరులో అది 25 డిగ్రీల లోపే కాబట్టి ఏప్రిల్‌లో పనికొస్తుంది. చెన్నైలో నేలే 28, 29 దగ్గరుంటుంది, పైగా గాలిలో చెమ్మ ఎక్కువ. అక్కడి చుట్టాలకు ఈ సలహా ఇవ్వకండి, ఉక్కపోతే మిగులుతుంది.

పైపు 110 మిల్లీమీటర్ల పీవీసీ, 25 మీటర్లు. పలచనిది చాలు, వేడిని ఆపేది పైపు గోడ కాదు, చుట్టూ ఉన్న మట్టి. జీఐ (జింకు పూత ఇనుప) పైపుకు డబ్బు పోయడం దండగ. వరసలు మడిచి వేస్తే మధ్య మీటరు దూరం ఉండాలి. మలుపుల్లో 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45లు వాడండి. మీటరుకు సెంటీమీటరు చొప్పున వాలు ఇచ్చి, చివర నీరు తోడే గుంట పెట్టాలి, లేకపోతే చెమ్మ నిలిచి బూజు వాసన షెడ్డులోకి వస్తుంది. కంకరతో పూడిస్తే గాలి సందులు మిగిలి వేడి నేలలోకి పోదు. రాళ్లు ఏరిన ఎర్రమట్టిని అరడుగు చొప్పున పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. కందకం అంచులు ఎండలో నిలబడ్డట్టే ఉండి వానకు కూలతాయి. పలకలు, కొయ్యలు దన్ను పెట్టకుండా మనిషిని దించకండి. గోడ పునాదికి, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా తవ్వండి.

గోడకు పెట్టే మామూలు ఎగ్జాస్టు ఫ్యాను ఇంత పొడవు పైపులో గాలిని నెట్టలేదు, పైపు వరసలోనే బిగించే ఇన్‌లైన్ డక్టు ఫ్యాను కావాలి. దాన్ని గాలి లోపలికి వెళ్లే మూతి దగ్గరే బిగించాలి. మోటారు వేడి కూడా నేలకే పోతుంది; అతుకు వదులైనా మట్టిలోని వాయువులు పైపులోకి రావు. ఆ మూతి నేలకు మీటరు ఎత్తున, దోమల జాలీతో ఉండాలి.

పగలంతా నడిస్తే పైపు చుట్టూ మట్టి వేడెక్కి సాయంత్రానికి పస తగ్గుతుంది. రాత్రి గాలి నేలకన్నా చల్లగా ఉన్నప్పుడు ఫ్యాను నడపండి, మట్టి మళ్లీ చల్లారుతుంది. షెడ్డు పైభాగాన వేడిగాలి పోయే కంత వదలడం మరవకండి.

— ఒక పాఠకుడు, బెంగళూరు