తన తప్పు తానే రాసిచ్చిన నర్సుకు మెమో ఇస్తే ఏమవుతుంది?

సంపాదకులకు నమస్కారం.

ఇంజెక్షన్ తేడా పడి రోగి ప్రాణం మీదికి వస్తే, మర్నాడు పేపర్లో ‘నర్సు సస్పెన్షన్’ అని వస్తుంది. అక్కడితో ఆ వార్త అయిపోతుంది. నేను ఇరవై రెండేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఆ తర్వాత వార్డులో ఏం జరుగుతుందో మీ పాఠకులకు చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇన్సులిన్ సీసాల్లో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, ఇంకోదాంట్లో 100 యూనిట్లు ఉంటాయి. దేని సిరంజి దానికే వాడాలి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 8 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లు కాదు, 20. ట్రైనింగ్‌లోనే నేర్పే సంగతి ఇది. నాకూ బాగా తెలుసు. అయినా ఒక రాత్రి నా చేత్తో అలాగే లాగాను.

ఆ రోజు వార్డులో ముప్పై మంది రోగులు, ఇద్దరం నర్సులం. రెండో అమ్మాయి ఒక సీరియస్ కేసును ఐసీయూకి షిఫ్ట్ చేయడానికి వెళ్లింది. భోజనాల వేళ, ఇన్సులిన్లు వేయాలి. ఒకవైపు సెలైన్ అయిపోయిందని పిలుపు, ఇంకోవైపు ఫోన్. మా వార్డుకు ఎప్పుడూ 40 సీసాలే వచ్చేవి. ఆ మధ్యాహ్నం స్టోర్లో అవి లేక 100వి పంపారు. ఫ్రిజ్‌లో అదే ట్రేలో, అదే మూలన పెట్టారు. డ్యూటీ మారేటప్పుడు ఎవరికీ చెప్పాలని తోచలేదు. నా చెయ్యి రోజూ వెళ్లే చోటికే వెళ్లింది.

పెద్దావిడకు దూదితో చర్మం తుడిచాను కూడా. పక్కన కూర్చున్న ఆవిడ కూతురు మెల్లగా, “సిస్టర్, రోజూ వేసే సీసా ఇది కాదనుకుంటా, వేరేగా ఉంది” అంది. నిజం చెప్పాలంటే నాకు విసుగొచ్చింది. ఆ విసుగుతోనే సీసా తిప్పి చూశాను. 100 అని ఉంది. చేతిలో ఎర్ర మూత సిరంజి. నా అరచేతులు చల్లబడిపోయాయి. ఆ అమ్మాయి అడగడానికి మొహమాటపడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను.

రోగికి ఏమీ కాలేదు. ఎవరికీ తెలియాల్సిన పని లేదు. అయినా ఇంకొకరికి జరగకూడదని, జరిగింది జరిగినట్టు రిజిస్టర్‌లో రాశాను. మూడో రోజు మెమో వచ్చింది. విధి నిర్వహణలో ఎందుకు అజాగ్రత్త వహించారో సంజాయిషీ ఇవ్వాలట. సీసా మారిన సంగతి వార్డుకు ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు. రెండు రకాల సీసాలకు ఒకే ట్రే ఎందుకని అడగలేదు. ముప్పై మందికి ఆ గంటలో నేనొక్కదాన్నే ఎందుకున్నానని అసలే అడగలేదు. 2002లో అమెరికాలో లిండా ఐకెన్ బృందం చేసిన పెద్ద అధ్యయనంలో, ఒక నర్సు చూసుకునే రోగుల సంఖ్య ఒక్కటి పెరిగితే సర్జరీ రోగుల్లో నెలలోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతున్నట్టు తేలింది. నా సంజాయిషీలో ఇది రాద్దామనుకున్నాను. తోటివాళ్లు వద్దన్నారు. తలవంచుకుని ‘ఇకపై జాగ్రత్తగా ఉంటాను’ అని రాసిచ్చాను.

మూడు నెలల తర్వాత పై అంతస్తు వార్డులో తెల్లవారుజామున ఒక రోగికి ఒళ్లంతా చెమటలు పట్టి పలుకు ఆగిపోయింది. షుగర్ చూస్తే 38కి పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కించాక కళ్లు తెరిచాడు. దేవుడి దయ. కారణం అదే సీసా, అదే ఎర్ర మూత సిరంజి. ఆ వార్డులో ఇంకో నర్సు అంతకు రెండు వారాల ముందే అదే తప్పు చేయబోయి తనంతట తానే ఆగిందని తర్వాత తెలిసింది. ఎవరికీ చెప్పలేదేమని అడిగితే, “మీకు మెమో ఇచ్చారుగా సిస్టర్” అంది. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఆ రోగికి హాని చేసింది మా అజాగ్రత్త ఒక్కటేనా? నాకిచ్చిన మెమోకి అందులో భాగం లేదా?

విమానాల రంగంవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో అర్థమైంది. అమెరికాలో 1976 నుంచి పైలట్లు తమ పొరపాట్లను నాసాకు రాసి పంపే పద్ధతి ఉంది. కావాలని చేసింది కాకపోతే, పది రోజుల్లోపు రాసి పంపితే సాధారణంగా శిక్ష వేయరు. అలా వచ్చిన ఉత్తరాల వల్లే ఎక్కడ లోపముందో ముందే తెలుస్తుంది. వైద్యంలో చూస్తే, అదే దేశంలో 2017లో ఒక నర్సు మందు మారి ఇచ్చింది, రోగి చనిపోయింది. తన తప్పు తానే ఒప్పుకున్న ఆ నర్సుపై క్రిమినల్ కేసు పెట్టి 2022లో దోషిగా తేల్చారు. జైలుకు పంపకుండా మూడేళ్ల ప్రొబేషన్ వేశారు. ప్రాణం పోయిన కుటుంబం బాధ ముందు మా భయం చిన్నదే, కాదనను. కానీ ఆ తీర్పు విన్న రోజు మా డ్యూటీ రూములో ఎవరూ మాట్లాడలేదు. ఇకమీదట ఎవరు నోరు విప్పుతారు?

తాగి వచ్చినవాళ్లను, కావాలని నిర్లక్ష్యం చేసినవాళ్లను వదిలేయమని నేను అడగడం లేదు. వాళ్ల పక్కన పనిచేయడం మాకే భయం. నేనడిగేది ఒక్కటే. పొరపాటును తనంతట తాను రాసిచ్చిన నర్సు మీద చర్య తీసుకోబోమని యాజమాన్యాలు కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ప్రతి డ్యూటీ రూములో అతికించాలి. నోటిమాట చాలదు.

పోయిన నెల మా జూనియర్ అమ్మాయి ఒకతె నన్ను పక్కకు పిలిచి, “అక్కా, ఒకటి చెప్తే ఎవరికీ చెప్పవుగా” అంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందులో మిల్లీలీటరుకు 1000 యూనిట్లది తీయబోయి 5000ది తీసిందట. రెండు సీసాలూ ఒకే పరిమాణంలో ఉంటాయి. ఎక్కించే ముందు చదివి ఆగింది. నేను ధైర్యం చెప్పి కాగితం మీద రాయించాను. మా వార్డులో ఆ రెండిటినీ వేరే డబ్బాల్లోకి మార్చేశాం. మిగతా వార్డుల్లో ఇంకా ఒకే డబ్బాలో ఉన్నాయి. వాళ్లకూ తెలియాలంటే ఆ కాగితం పైకి పోవాలి. పోతే ఆ పిల్లకు మెమో వస్తుంది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

కాగితం నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు
(నా పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)