బొంతకూ గోడ మీద చోటివ్వండి

సంపాదకులకు,

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పాత పని బట్టలతో కుట్టుకున్న బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో వాటి మీద తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. మా అమ్మమ్మ బొంత మాత్రం ఇంకా అటక మీదే ఉంది. రెండు నేతచీరలు, తాతయ్య పంచె, నా చిన్నప్పటి గౌను ముక్కలు. ఒక మూల కుట్లు వంకరపోయాయి, చత్వారం వచ్చాక కుట్టిందట. (ఆ మూలే నాకిష్టం.) హస్తకళల ప్రదర్శనల్లో నరసాపురం లేసు, లంబాడీ అద్దాల కుట్టు పక్కన బొంతల్ని కూడా, కుట్టినవాళ్ల పేరు రాసి మరీ పెట్టాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, తెనాలి