పికప్ కొనేముందు తలుపు అంచున ఉన్న చీటీ చదవండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో తెలుగు కుటుంబాలు ముచ్చటపడి కొంటున్న పికప్ ట్రక్కుల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. నేలకు బాగా ఎత్తుగా నిలబడ్డ బండ్లు, పెద్ద పెద్ద పళ్లున్న టైర్లు, బురద చిమ్ముతూ తీసిన ఫొటోలు చూడటానికి బాగున్నాయి. ఇంజన్ శక్తి ఎంతో రాశారు, లోపలి తెర ఎన్ని అంగుళాలో రాశారు, సీట్లకు ఏ తోలు వేశారో కూడా రాశారు. ఆ బండి వెనక ట్రైలర్ కడితే ఎంత లాగుతుందో, తన మీద ఎంత బరువు మోస్తుందో మాత్రం ఒక్క వాక్యమైనా లేదు. టెక్సాస్‌లో పొలాలు కొంటున్న మనవాళ్లు చాలామంది ఇలాంటివి చదివీ, ఫొటోలు చూసీ బండి ఎంచుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

మాది అద్దంకి దగ్గర పల్లె. పుట్టింట్లో ఒంగోలు ఎడ్లు ఉండేవి. ఇప్పుడు హ్యూస్టన్‌కు వాయవ్యంగా, బ్రెన్‌హామ్ సమీపంలో నేనూ నా భర్తా కొద్దిపాటి మేత భూమిలో బ్రాహ్మన్ ఆవులను సాకుతున్నాం. గిర్, గుజరాత్, కృష్ణా లోయ పశువులతో పాటు, నెల్లూరు పశువులన్న పేరుతో ఇక్కడికి చేరిన మన ఒంగోలు జాతి రక్తం కూడా ఈ బ్రాహ్మన్ జాతిలో ఉంది. ఆ మూపురం, ఆ గంగడోలు చూసినప్పుడల్లా నాకు మా ఊరే గుర్తొస్తుంది. ఇంట్లో ట్రైలర్ తోలేది నేనే. సంతకు పశువులను తీసుకెళ్లడం, వైద్యుడి దగ్గరికి తిప్పడం, ఎండుగడ్డి చుట్టలు తేవడం అంతా నా పని. కాబట్టి ఈ విషయం నాకు రోజువారీ విషయం.

ఒకే పేరుతో, దూరం నుంచి చూస్తే ఒకేలా కనిపించే ట్రక్కును కంపెనీలు రెండు రకాల పనులకు రెండు రకాలుగా తయారుచేస్తాయి: ఒకటి బరువు లాగడానికి, ఇంకొకటి రోడ్డు లేని చోట్ల తిరగడానికి, దాన్నే ఆఫ్‌రోడ్ రకం అంటారు. ఫోర్డ్ ఎఫ్-150నే తీసుకోండి. 2024 మోడల్‌లో 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజన్ పెట్టి, ట్రైలర్ లాగడానికి పూర్తిగా అమర్చిన బండి గరిష్ఠంగా 13,500 పౌన్లు లాగుతుంది. అంటే ఆరు టన్నులకు పైమాటే. అదే ఏడాది వచ్చిన ఎఫ్-150 రాప్టర్, కొండలకూ ఎడారులకూ చేసినది, 8,200 పౌన్ల దగ్గర ఆగిపోతుంది. రాప్టర్ ఇంజన్ బలహీనమా అంటే కానే కాదు. దాని శక్తి 450 హార్స్ పవర్, మొదటిదానిది 400. షెవర్లే సిల్వరాడో 1500లోనూ ఇదే తేడా: ఆఫ్‌రోడ్ రకమైన జడ్‌ఆర్2 లాగేది 8,900 పౌన్లు, లాగుడుకు అమర్చిన రకం 13,300 దాకా వెళ్తుంది. ఇంకా పెద్ద బండి రామ్ 2500లో తేడా మరీ ఎక్కువ. ముందు వించి (దిగబడితే తాడుతో లాగే యంత్రం), రెండు ఇరుసులకూ లాకులు (ఇరుసు రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేవి) ఉన్న పెట్రోల్ పవర్ వాగన్ సుమారు 10,500 పౌన్లు లాగితే, అదే 2500ను డీజిల్ ఇంజన్‌తో లాగుడుకు అమర్చుకుంటే దాదాపు 20,000 పౌన్లు లాగుతుంది.

ఎక్కువ ధర పెట్టి కొన్న బండి తక్కువ లాగడమేమిటని చాలామంది నన్ను అడిగారు. కారణం బండి కింద ఉంది. రాళ్ల మీద, గోతుల్లో చక్రం నేలను వదలకుండా ఉండాలంటే అది బాగా పైకీ కిందికీ ఆడాలి. 35 అంగుళాల టైర్లున్న రాప్టర్‌లో ముందు చక్రం 14 అంగుళాలు, వెనక చక్రం 15 అంగుళాల మేర ఆడుతుంది. అలా ఆడాలంటే స్ప్రింగులు మెత్తగా ఉండి తీరాలి. మామూలు ఎఫ్-150 వెనక కమాను పట్టీలుంటాయి. 2021 నుంచి వస్తున్న రాప్టర్‌లో వాటి బదులు చుట్ట స్ప్రింగులు పెట్టారు. ఎడారిలో గంటకు అరవై మైళ్ల వేగంతో ఎగిరి దిగినా నడుం విరగకుండా కాపాడే ఆ మెత్తదనమే, వెనక వెయ్యి పౌన్లు దించగానే బండి తోకను కిందికి వాల్చేస్తుంది. తోక వాలితే ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగు తిప్పినప్పుడూ, బ్రేకు నొక్కినప్పుడూ ముందు చక్రాలు గట్టిగా నేలను పట్టుకుని ఉండాలి కదా, ఆ పట్టు సన్నగిల్లుతుంది. ఎత్తయిన, మెత్తటి పక్కగోడలున్న టైర్లు దానికి తోడైతే వంపుల్లో బండి ఒకవైపు, ట్రైలర్ ఒకవైపు ఊగడం మొదలవుతుంది.

మాకు దగ్గర్లో ఈ మధ్యే పొలం కొన్న ఒక తెలుగు అబ్బాయి సంగతి చెప్తాను. ఆఫ్‌రోడ్ ట్రక్కు కొన్నాడు, ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఎనిమిది వేల పౌన్ల పైచిలుకు లాగుతుందని అమ్మినవాళ్లు చెప్పారట. నాలుగు ఆవులు తెచ్చుకోవాలి, మీ ట్రైలర్ ఇస్తారా అక్కా అని వచ్చాడు. ట్రైలర్ ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు గానీ ముందు డ్రైవర్ తలుపు తెరవమన్నాను. ఆ తలుపు మూసుకునే స్తంభం మీద పసుపూ తెలుపూ రంగుల చిన్న చీటీ అంటించి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించరాదు అని, కిలోల్లోనూ పౌన్లలోనూ ఆ ఒక్క బండికే వర్తించే అంకె దాని మీద ఉంటుంది. అతని బండి మీద 1,290 పౌన్లని ఉంది. ఖాళీ దాణా సంచి ఒకటి తిరగేసి దాని మీద లెక్క వేశాం. పదహారు అడుగుల ఇనుప ట్రైలర్ ఖాళీగా 3,200. నాలుగు ఆవులు, ఒక్కోటి 1,150 చొప్పున 4,600. మొత్తం 7,800. అమ్మినవాళ్లు చెప్పిన అంకెలోపే ఉంది, అబ్బాయి ముఖం వెలిగింది. ఇప్పుడు ట్రైలర్ మూతి ట్రక్కు మీద మోపే బరువు చూడమన్నాను. మొత్తంలో పది నుంచి పదిహేను శాతం ఉండాలి, అంటే సుమారు వెయ్యి పౌన్లు. 1,290లో వెయ్యి పోతే మిగిలింది 290. అతనూ భార్యా ఎక్కేసరికే అది అయిపోయింది. వెనక సీట్లో పిల్లలు, పనిముట్ల పెట్టె, ట్రైలర్ తగిలించే హిచ్ ఇనుము, రెండు దాణా బస్తాలు ఇంకా లెక్కలోకే రాలేదు.

ఆ రోజు ఆవులు మా బండిలో వచ్చాయి. అతను ట్రక్కు అమ్మెయ్యలేదు, అమ్మనక్కర్లేదు కూడా. సెలవుల్లో కొండలెక్కడానికి వాడుకుంటున్నాడు, పశువుల పని పడితే కిరాయికి తోలేవాళ్లను పిలుస్తున్నాడు. కానీ ఈ లెక్క కొనకముందే ఎవరైనా అతనికి చెప్పి ఉండాల్సింది.

ట్రైలర్ మూతి బరువు తగ్గించుకుంటే పోదా అని కొందరంటారు. ఎడ్లబండి కట్టినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టుకుంటుంది, ముందుకు పడితే మెడలు కుంగిపోతాయి. ట్రైలరూ అంతే. మూతి మీద బరువు తక్కువైతే హైవే మీద తోక ఝాడించడం మొదలుపెడుతుంది, ఒకసారి మొదలైతే ఆపడం కష్టం. పైగా మాది కదలని సరుకు కాదు. ఆవు పక్కకు అడుగేస్తే ఆ బరువూ పక్కకు పోతుంది. లారీ రాసుకుంటూ దాటిపోయిందంటే నాలుగూ ఒకేసారి అటు జరుగుతాయి. ఆ క్షణంలో వెన్ను గట్టిగా ఉన్న బండి ఒక్కసారి కదిలి సర్దుకుంటుంది. మెత్తటి బండి రెండోసారీ మూడోసారీ ఊగుతుంది. లోపల నిలబడలేక పశువులు మోకాళ్ల మీద పడతాయి. కాళ్లు విరిగిన పశువును ట్రైలర్‌లోంచి దించడం చూసినవాళ్లెవరూ బరువు లెక్కలను తేలిగ్గా తీసుకోరు.

కంపెనీల కరపత్రాల్లో అంకెలు అబద్ధమని నేననను. వాటికి వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జె2807 అనే ప్రామాణిక పరీక్ష ఉంది. 2011 మోడళ్లకు దాన్ని మొదట పాటించింది టొయోటా. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర పదకొండు మైళ్లకు పైగా సాగే ఎత్తు మీదికి ఏసీ పూర్తిగా వేసి బరువు లాగిస్తారు, వేగం ఒక హద్దు కంటే పడిపోకూడదు. పరీక్ష కఠినమైనదే. అయితే అందులో బండిలో కూర్చునేది ఇద్దరు, ఒక్కొక్కరు 150 పౌన్లు. మన కుటుంబాల్లో ప్రయాణమంటే అమ్మా నాన్నా పిల్లలూ, ఊరి నుంచి వచ్చిన అత్తగారూ మామగారూ. ఆ బరువంతా లాగగలిగే బరువులోంచే పోతుంది. కొన్న తర్వాత బయట షాపుల్లో బండిని ఇంకాస్త లేపించి, ఇంకా పెద్ద టైర్లు వేయిస్తే కంపెనీ అంకెలకు అసలు ఆధారమే ఉండదు. పెద్ద టైరు గేరు నిష్పత్తిని మార్చేస్తుంది, ఎత్తు వల్ల ట్రైలర్ మూతి పైకి లేస్తుంది.

వానల్లో పొలంలో దిగబడిపోతాం కదా, ఆఫ్‌రోడ్ రకం లేకుండా ఎలా అన్న ప్రశ్న న్యాయమైనది. ఇక్కడి చాలా భూములు మన రేగడిలాంటివే, తడిస్తే ఉబ్బి జిడ్డుగా పట్టుకుంటాయి, ఎండితే చెయ్యి దూరేంత బీటలు తీస్తాయి. హ్యూస్టన్ బ్లాక్ అనే ఈ నల్లమట్టికి టెక్సాస్ రాష్ట్ర మట్టి అన్న పేరు కూడా ఉంది. ఆ మట్టిలో నేనూ దిగబడ్డాను. దానికి పదిహేను అంగుళాలు ఆడే చక్రం అవసరం లేదు. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి, వెనక ఇరుసుకు లాకు, ఎక్కువ బరువు తట్టుకునే గట్టి రకం ఆల్ టెర్రెయిన్ (రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే) టైర్లు చాలు. ఈ మూడూ లాగుడు రకం ట్రక్కుకూ వేయించుకోవచ్చు. మా బండి అలాంటిదే.

బిగ్ బెండ్‌లో ఓల్డ్ ఓర్ రోడ్ మీద తిరగాలనుకునేవాళ్లు, పాడ్రే ఐలండ్ ఇసుకలో దూరం వెళ్లి గాలాలు వేసేవాళ్లు, యూటాలో మోయాబ్ రాళ్లెక్కేవాళ్లు నిశ్చింతగా ఆఫ్‌రోడ్ రకమే కొనుక్కోండి. ఆ చోట్ల లాగుడు బండి పొట్ట రాయికి తగిలి ఆగిపోతుంది. చిన్న పడవనూ, తేలికపాటి క్యాంపర్‌నూ ఆఫ్‌రోడ్ బండీ హాయిగా లాగుతుంది. రెండూ కొంత కొంత కావాలంటే ఫోర్డ్ ట్రెమర్‌లాంటి మధ్యరకాలున్నాయి. 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజన్‌తో తీసుకుంటే అది పది వేల పౌన్లు దాటి లాగుతుంది. ట్రక్కు వెనక తొట్టి మధ్యలో తగిలించే గూస్‌నెక్ ట్రైలర్ కట్టే ఆలోచన ఉంటే మాత్రం ఈ తరగతిలో వెతకొద్దు. ఆ రకం ట్రైలర్ తన బరువులో సుమారు ఐదో వంతు ట్రక్కు మీదే మోపుతుంది. రామ్ 2500, ఫోర్డ్ ఎఫ్-250 లాంటి ఇంకా పెద్ద బండ్ల తరగతికి వెళ్లండి.

షోరూములో బేరానికి కూర్చునే ముందు నాలుగు మాటలు అడగండి. ఈ ఒక్క బండి చీటీ మీద అంకె ఎంత? ఇరుసు గేరు నిష్పత్తి ఎంత? ట్రైలర్ బ్రేకుల నియంత్రణ పెట్టె బండిలోనే ఉందా? టైర్ల బరువు తరగతి ఏమిటి? మొత్తం బరువు 4,500 పౌన్లు దాటిన ట్రైలర్‌ను ఇక్కడి రోడ్ల మీద మామూలు వేగంతో తీసుకెళ్లాలంటే దానికి సొంత బ్రేకులు ఉండాలని టెక్సాస్ చట్టం చెప్తుంది, కాబట్టి ఆ పెట్టె అలంకారం కాదు. కొన్నాక మొదటిసారి లోడు ఎక్కించినప్పుడు హైవే పక్కన లారీలు తూగే కాటా మీదికి వెళ్లి ఒకసారి తూయించండి. అయ్యేది కొద్ది డాలర్లు. ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో కాగితం మీద వస్తుంది.

సంపాదకులకు నా విన్నపం ఒకటే. ఇకముందు పికప్ ట్రక్కుల మీద వ్యాసం వేసినప్పుడు ప్రతి బండి ఫొటో కింద రెండు అంకెలు వేయండి: ఆ రకం ఎంత లాగుతుంది, ఎంత మోస్తుంది. ఇది అమెరికా పాఠకులకే పనికొచ్చే సంగతి కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజులోనూ సరుకు మోయడానికి ఒక రకం, కుటుంబంతో కొండదారుల్లో తిరగడానికి వి-క్రాస్ అనే మరో రకం ఉన్నాయి. మిరప బస్తాలకో, చేపల పెట్టెలకో బండి కొనాలనుకునే రైతు మీ పేజీ తెరిస్తే ఆ అంకెలు అక్కడ కనిపించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రెన్‌హామ్, టెక్సాస్