ట్యాంక్ ఆటను యుద్ధమని చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండ, కాజీపేట వైపు కాలేజీ ఫెస్టుల్లో కంప్యూటర్ మీద ఆడే ట్యాంక్ ఆటల పోటీలు కూడా పెడుతున్నారు. పెట్టుకోనివ్వండి, దానికి నా అభ్యంతరం లేదు. కానీ ఈసారి ఒక కాలేజీ గేటు ముందు కట్టిన ఫ్లెక్సీ మీద ‘అసలైన యుద్ధ అనుభవం’ అని రాశారు. సైన్యంలో ట్యాంకులు నడిపే విభాగమైన ఆర్మర్డ్ కోర్‌లో టీ-72 ట్యాంక్ గన్నర్‌గా పనిచేసి, హవల్దార్‌తో సమానమైన దఫేదార్ హోదాలో రిటైరైన వాణ్ని నేను. ఆ మాట చదివి మనసు కష్టపడి ఈ లేఖ రాస్తున్నాను.

ఆటల్లో నిజం బొత్తిగా లేదని అనను. రెండో ప్రపంచ యుద్ధం నాటి టీ-34 ముందు కవచం మందం 45 మిల్లీమీటర్లేననీ, దాన్ని బాగా ఏటవాలుగా అమర్చడం వల్ల ఎదురుగా వచ్చే గుండుకు దాదాపు రెట్టింపు ఇనుము అడ్డొచ్చేదనీ ఈ పిల్లలు తడుముకోకుండా చెబుతారు. వార్ థండర్ అనే ఆటలోనైతే గుండు కవచాన్ని చీల్చాక ముక్కలు లోపల ఎటు చిమ్ముతాయో, ఎవరికి తగులుతాయో కూడా చూపిస్తారు. ఈ పట్టింపు ఎంతదాకా పోయిందంటే, బ్రిటన్ చాలెంజర్-2 ట్యాంకును అందులో తప్పుగా చూపారని నిరూపించడానికి 2021లో ఒకతను రహస్య మాన్యువల్ పేజీలనే ఇంటర్నెట్‌లో పెట్టేశాడు.

కొలతలన్నీ ఉన్నాయి. లోపల కూర్చునే మనుషుల సంగతే లేదు. వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ అనే ఆటలో ఆడేవాడు తన బండిని వెనక నుంచి, కాస్త పై నుంచి చూస్తూ నడుపుతాడు. నిజం బండిలో హాచ్ (పై మూత) మూశాక డ్రైవర్‌కు పెరిస్కోప్‌లో పట్టినంతే లోకం. దుమ్ము లేస్తే అదీ కనబడదు. ఇంటర్‌కామ్‌లో కమాండర్ గొంతును నమ్మి నలభై టన్నులకు పైబడిన బండిని తిప్పాలి. ఆటలో ఒక్కడి వేళ్లు చేసే పనిని టీ-72లో ముగ్గురు పంచుకుంటారు, ఒకరి మాట ఒకరికి సరిగా వినబడకపోతే ముగ్గురి ప్రాణాలూ పోతాయి.

ఆటలో ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టా) తెగితే కొన్ని సెకన్లలో మళ్లీ అతుక్కుంటుంది. రాజస్థాన్ ఇసుకలో ట్రాక్ ఊడితే మేం సమ్మెటలు, గడ్డపారలు పట్టుకుని కిందికి దిగేవాళ్లం. ట్రాక్ ముక్కలను కలిపే పిన్ను ఓ పట్టాన కదలదు. ఒకడు పట్టుకుంటే ఒకడు కొట్టాలి, అలసిపోతే మూడోవాడు అందుకోవాలి. ఎండకు కాలిన ఇనుము గ్లౌజుల్లోంచి కూడా చురుక్కుమనేది. పూటంతా అక్కడే గడిచిపోయేది. పాకిస్తాన్ సరిహద్దుకు సైన్యాన్ని తరలించిన ఆపరేషన్ పరాక్రమ్‌లో 2001 డిసెంబర్‌లో అక్కడికి వెళ్లి మరుసటి ఏడు దాకా ఇలాగే బండ్లు చూసుకుంటూ కూర్చున్నాం. యుద్ధం రాలేదు. ఏ రాత్రి ఆర్డర్ వస్తుందోనన్న టెన్షన్ మాత్రం ఒక్కరోజూ వదల్లేదు.

నేల సంగతీ అంతే. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో మనవాళ్లు పొలాలకు నీళ్లు వదిలితే పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు బురదలో దిగబడ్డాయి. వానాకాలం రేగడి చేలో ట్రాక్టర్ దిగబడిన వరంగల్ రైతుకు ఇది వేరే వివరించక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. టీ-72లో 22 గుండ్లు, వాటి మందుతో సహా, మేం కూర్చునే చోటు కిందే గుండ్రంగా పేర్చి ఉంటాయి. దెబ్బ అక్కడ తగిలితే టరెట్ (గన్ ఉండే పై భాగం) ఎగిరి అవతల పడుతుంది. ఉక్రెయిన్ నుంచి వచ్చిన అలాంటి ఫొటోలు అందరూ చూసే ఉంటారు. ఆటలో ట్యాంక్ పేలితే గరాజ్‌కు పోయి ఇంకోటి తెచ్చుకుంటారు. పాకిస్తాన్‌తో యుద్ధంలో 1971 డిసెంబర్ 16న బసంతర్ పోరులో సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ ట్యాంకుకు నిప్పంటుకుంది. బండి వదిలి రమ్మని రేడియోలో చెప్పినా, గన్ ఇంకా పనిచేస్తోందంటూ పోరాడి ప్రాణమిచ్చాడు. ఆయనకు అప్పుడు 21 ఏళ్లు. మన ఫెస్టులకు వచ్చే పిల్లల వయసే అది.

కాలేజీ యాజమాన్యాలను కోరుతున్నాను: ఫ్లెక్సీ మీద ఆటను ఆట అనే రాయండి. పోటీ పెట్టిన హాల్లోనే, పోటీకి ముందు ఒక గంట ఆర్మర్డ్ కోర్‌లో పనిచేసినవాళ్లతో మాట్లాడించండి. వరంగల్, కరీంనగర్ వైపు మాజీ సైనికులకు కొదవ లేదు, సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే వివరాలు దొరుకుతాయి. ఎన్‌సీసీ ఉన్న కాలేజీలకు ఇది ఇంకా సులువు. పొద్దున్నే గ్రౌండ్లలో అగ్నివీర్ రన్నింగ్ ప్రాక్టీస్ చేస్తున్న కుర్రాళ్లను కూడా ఆ గంటకు లోపలికి రానివ్వండి, వాళ్లలో కొందరు రేపు నిజంగానే ఆ బండి ఎక్కుతారు. మేం డబ్బులేమీ అడగం, పిలిస్తే వస్తాం.

— ఒక మాజీ దఫేదార్, హన్మకొండ