ఐపీ పెట్టడమంటే ఎగవేతేనా?

సంపాదకులు గారికి,

అయ్యా,

జిల్లా పేజీల్లో ‘ఫలానా వ్యాపారి ఇన్ని కోట్లకు ఐపీ’ అనే శీర్షిక తరచుగా కనిపిస్తుంది. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అప్పులు తీర్చలేనని కోర్టులో వేసే దివాలా పిటిషన్. కింద వార్త చదవకుండానే పాఠకుడికి కథ అర్థమైపోతుంది: చీటీలు కట్టించుకున్నాడు, వడ్డీ ఆశ చూపి అప్పులు తెచ్చాడు, ఆస్తులు భార్య పేరు మీదికి మార్చాడు, ఒక తెల్లవారుజామున ఇంటికి తాళం వేసి వెళ్లిపోయాడు, వారం తిరగకుండా అందరికీ కోర్టు నోటీసులు వచ్చాయి. మా కోస్తా జిల్లాల్లో ‘ఐపీ పెట్టాడు’, ‘టోపీ పెట్టాడు’ అన్న మాటలకు ప్రాసతో పాటు అర్థం కూడా కలిసిపోయింది. అలాంటి మోసగాళ్లు లేరని నేను అనను; నా చీటీ డబ్బులు కూడా ఒకరి దగ్గర అలాగే పోయాయి. అయితే ఆ మాటకు పట్టిన మసి వల్ల నిజంగా చితికిపోయినవాడు సకాలంలో నిర్ణయం తీసుకోలేకపోతున్నాడు. ఆ ఆలస్యమే అతన్నీ, అతనికి అప్పిచ్చినవారినీ ఇంకా లోతుకు దించుతున్నది. ఐపీ పెట్టాలా వద్దా అని రెండేళ్లు కొట్టుమిట్టాడినవాడిగా ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు తెనాలిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వేసేవాళ్లం. 2018లో బ్యాంకు అప్పుతో ఆఫ్‌సెట్ మిషను కొన్నాను. 2020 వేసవిలో పెళ్లిళ్లు ఆగిపోయాయి. ఆ తర్వాత జరిగినవి యాభై మంది అతిథులతో జరిగాయి. యాభై మందిని పిలవడానికి శుభలేఖ ఎందుకని అందరూ ఫోనులో బొమ్మ పంపడం మొదలుపెట్టారు, ఆ అలవాటు ఇక పోలేదు. మిషను వాయిదా కట్టడానికి చేబదులు, ఆ చేబదులు తీర్చడానికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు, ప్రోనోటు వడ్డీ కట్టడానికి ఫోనులో యాప్ అప్పు. మా బజారులో దీన్ని ‘రొటేషన్’ అంటారు. ఎవరైనా రొటేషన్ చేస్తున్నానని చెబితే మునిగిపోతున్నానని చెప్పినట్టే లెక్క.

2022 నవంబరులో ఒక రాత్రి ప్రెస్సు షట్టరు సగం దించి నేనూ నా భార్యా కూర్చున్నాం. ఎరుపు రంగు పక్కకు జరిగి వధూవరుల పేర్లు రెండేసిగా పడి పాడైపోయిన శుభలేఖ షీట్లు ఒక మూల కట్టగా ఉన్నాయి. వాటి వెనుక వైపు, నేను చెబుతుంటే ఆమె రాసింది. మిషను మీద బ్యాంకుకు 11 లక్షల 20 వేలు, తాకట్టులో ఉన్న బంగారం మీద 1 లక్షా 80 వేలు, తొమ్మిది మంది దగ్గర చేతి అప్పులు 8 లక్షల 60 వేలు, పాడుకున్న చీటీ బాకీ 2 లక్షల 10 వేలు, క్రెడిట్ కార్డు, యాప్ అప్పులు కలిసి 2 లక్షల 30 వేలు, విజయవాడ కాగితం వ్యాపారులకు 1 లక్షా 40 వేలు. మొత్తం 27 లక్షల 40 వేలు, పదిహేడు పేర్లు. ప్రెస్సు మీద ఖర్చులు పోను నెలకు ముప్ఫై వేలు మిగిలితే గొప్ప. చేతి అప్పుల వడ్డీ ఒక్కటే నెలకు 17 వేలు దాటుతున్నది. ఈ లెక్క వేయడానికి పట్టింది ముప్పావు గంట. దాన్ని వేయకుండా నేను గడిపింది రెండేళ్లు.

ఆ షీటు పట్టుకుని గుంటూరులో ఒక ప్లీడరు గారి దగ్గరకు వెళ్లాను. ఆయన మొదట అడిగినవి రెండే ప్రశ్నలు. గడిచిన రెండేళ్లలో ఏ ఆస్తి అయినా ఎవరి పేరు మీదికైనా మార్చావా? గడిచిన మూడు నెలల్లో మిగతా వాళ్లను పక్కన పెట్టి ఎవరికైనా ముందుగా తీర్చావా? మొదటిదానికి లేదన్నాను. రెండోదానికి తల వంచుకోవలసి వచ్చింది. ఇంట్లో గొడవ వద్దని అంతకు ముందు నెలలోనే తోడల్లుడికి లక్ష రూపాయలు తిరిగి ఇచ్చేశాను. దివాలా పిటిషన్ వేస్తే అలాంటి చెల్లింపును కోర్టు రద్దు చేయగలదనీ, ఆ లక్షను అందరి మొత్తంలో కలపమని రిసీవరు (దివాలాదారు ఆస్తిని చూసుకోవడానికి కోర్టు నియమించే వ్యక్తి) అడగవచ్చనీ ఆయన చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఆలోచిస్తే న్యాయమేననిపించింది.

మనవైపు ఐపీలన్నీ నడిచేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద. అందులో పిటిషన్ వేయడానికి ఉండవలసిన అప్పు కనీస మొత్తం 500 రూపాయలుగానే ఉంది. దివాలాదారుగా ఉన్నవాడు ఆ సంగతి చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు అప్పు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలు అని కూడా ఉంది. నూరేళ్ల కిందట 50 రూపాయలంటే ఎంతో గానీ, ఇవాళ ఇద్దరు టిఫిను చేయడానికి చాలవు. పాతదైనా ఆ చట్టం మోసగాడి కోసం రాసింది కాదని చదివితే తెలుస్తుంది. పిటిషన్ వేసినవాడు తన అప్పులన్నీ, ఆస్తులన్నీ, లెక్క పుస్తకాలన్నీ కోర్టు ముందు పెట్టాలి. కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటిస్తే అతని ఆస్తి కోర్టుకో రిసీవరుకో చెందుతుంది, అప్పులవాళ్లు విడివిడిగా మీదపడడం ఆగుతుంది, వచ్చింది అందరూ పంచుకుంటారు. దాచినా, దొంగ లెక్కలు చూపినా శిక్ష ఉంది.

జనంలో ఉన్న రెండు భ్రమల గురించి ఇక్కడ చెప్పాలి. పిటిషన్ వేసిన రోజే అప్పులవాళ్ల చేతులు కట్టేసినట్టని చాలామంది అనుకుంటారు; ప్రకటన ఉత్తర్వు వచ్చేదాకా ఆ రక్షణ పూర్తిగా ఉండదు. ఆ ఉత్తర్వు రాగానే అప్పులు పోయాయని మరికొందరు అనుకుంటారు. అప్పు పోయేది విమోచన ఉత్తర్వు వచ్చినప్పుడు మాత్రమే, దానికి మళ్లీ గడువులోగా దరఖాస్తు పెట్టుకోవాలి, పెట్టుకోకపోతే మొదటి ఉత్తర్వే రద్దయిపోతుంది.

ఆ విమోచన దగ్గరే నాలాంటివాడు చిక్కుకుంటాడు. ప్లీడరు గారు 42వ సెక్షను తీసి నా చేత చదివించారు. హామీ లేని అప్పులకు రూపాయికి ఎనిమిది అణాలైనా, అంటే సగమైనా రాని స్థితిలో ఆస్తి ఉండి, అది తన తప్పు కాదని రుజువు చేసుకోలేకపోతే పూర్తి విమోచన ఇవ్వకూడదట. మూడేళ్ల లెక్క పుస్తకాలు సరిగా లేకపోతే ఇవ్వకూడదట. దివాలా తీశానని తెలిసి కూడా వ్యాపారం నడిపితే ఇవ్వకూడదట. తీర్చగలనన్న నమ్మకానికి ఆధారం లేకుండా కొత్త అప్పు చేస్తే ఇవ్వకూడదట. నేను పౌరుషమనీ, పరువనీ అనుకుని రొటేషన్ చేసిన రెండేళ్లూ ఆ పేజీలో తప్పులుగా రాసి ఉన్నాయి. ‘ఐపీ పెట్టినవాడు’ అనిపించుకోకూడదని చేసిన ప్రతి పనీ, ఐపీ పెడితే నాకు అడ్డం వచ్చే పనే. 2020 చివర్లోనే, అప్పు పది పన్నెండు లక్షలున్నప్పుడు వచ్చి ఉంటే సంగతి వేరుగా ఉండేదని ఆయన అన్నారు.

ఇంకొక లెక్క కూడా ఆయనే వేసి చూపించారు. మిషను బ్యాంకు హామీలో ఉంది, బంగారం తాకట్టులో ఉంది. ఆ 13 లక్షలకు ఐపీతో సంబంధం లేదు, వాళ్ల వస్తువు వాళ్లు తీసుకుంటారు. బ్యాంకు అప్పుకు హామీ సంతకం చేసిన నా బావమరిది, నాకు విమోచన వచ్చినా బయటపడడు. ఇద్దరికి ఇచ్చిన చెక్కులు బౌన్సయితే ఆ క్రిమినల్ కేసు దారి దానిదే. ప్రభుత్వ బకాయిలున్నవాళ్లకు అవీ పోవు. ఇవన్నీ తీసేస్తే ఐపీ దెబ్బ ఎక్కువగా పడేది నన్ను నమ్మి చేతి అప్పు ఇచ్చినవాళ్ల మీదే.

ఆయన గుమస్తా తయారుచేసిన ముసాయిదాలో నేను పిటిషనరును; అప్పిచ్చినవాళ్లు వరసగా ప్రతివాదులు. ఆరో ప్రతివాది నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పిన మాస్టారు. రిటైరైన డబ్బులోంచి 3 లక్షలు ఇచ్చి, ప్రోనోటు రాస్తానంటే ‘ఎందుకురా’ అన్న మనిషి. ఆయన ఇంటికి కోర్టు ముద్రతో నోటీసు వెళుతుంది, వాయిదాకు ఆయనో ఆయన వకీలో వెళ్లాలి. నేను ఆ రోజు సంతకం పెట్టలేకపోయాను.

దాని బదులు, ఒక ఆదివారం పదిహేడు మందినీ రమ్మని కబురు పెట్టాను. సంస్థల నుంచి ఎవరూ రారని తెలుసు. మిగిలిన పన్నెండు మందిలో తొమ్మిది మంది వచ్చారు. శుభలేఖ షీటు జిరాక్సు తీసి అందరికీ ఒకటే కాగితం ఇచ్చాను. ఎవరికెంత బాకీయో అందరికీ కనిపించడం నాకు అన్నిటికంటే కష్టంగా తోచింది. అందరూ కాస్త శాంతించింది కూడా అది చూసిన తర్వాతే. ఊరి చివర ఉన్న 150 గజాల స్థలం అమ్మితే 9 లక్షల 10 వేలు వచ్చింది. చేతి అప్పులకు, చీటీకి, కాగితం బాకీకి రూపాయికి పన్నెండు అణాల చొప్పున ఇచ్చాను. మిగతా నాలుగు అణాలు వడ్డీ లేకుండా ఏడాదిన్నరలో తీర్చాను. మాస్టారు తన 75 వేలకు ఈసారి స్టాంపు అంటించి ప్రోనోటు రాయించుకున్నారు. బ్యాంకు అనుమతితో మిషను అమ్మాను, మిగిలిన బాకీకి వాయిదాలు ఇప్పటికీ కడుతున్నాను.

ఇది చెప్పి, చూశారా, ఐపీ అక్కర్లేదు అని నేను అనడం లేదు. నాకు అమ్మడానికి స్థలం ఉంది. పైగా రాని ముగ్గురిలో ఒకరు దావా వేశారు, ఆ గొడవ తెమలడానికి ఏడాది పట్టింది. అదే ఒప్పందం కోర్టులో, చట్టం చెప్పిన ప్రకారం హాజరైన రుణదాతల్లో ఎక్కువమంది, విలువలో నాలుగింట మూడొంతులు ఒప్పుకుని కోర్టు ఆమోదిస్తే, ఒప్పుకోనివాళ్లకు కూడా వర్తిస్తుంది. ఆ దారి ఉందని తెలిసేసరికి నా పని అయిపోయింది.

మా ప్రెస్సు పక్క దుకాణంలో ఒక దర్జీ ఉండేవాడు. అప్పు 4 లక్షల లోపే. ఇల్లు అద్దెది, పొలం లేదు, స్థలం లేదు. వసూలు చేసేవాళ్లు రాత్రిళ్లు అతని కూతురికి ఫోను చేసేవారు. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పిన సంగతి అతనికి తెలియదు, నాకూ అప్పట్లో తెలియదు. బాకీ తీర్చకపోతే జైలేనని ఎవరో భయపెట్టారు. తీర్చే స్తోమత లేకపోవడం ఒక్కటే జైలుకు కారణం కాకూడదని 1980లోనే జాలీ జార్జి వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సంక్రాంతి ముందు అతను కుటుంబంతో రాత్రికి రాత్రి వెళ్లిపోయాడు. రెండు కుట్టు మిషన్లు దుకాణంలోనే వదిలేశాడు. అద్దె బాకీ కింద అవి అమ్ముడయ్యాయి. చేతిపని చేసేవాడి పనిముట్లను కోర్టు కూడా జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను చెబుతుంది, ఐపీలో రిసీవరు కూడా వాటిని ముట్టుకోడు. ఐపీ పెట్టవలసిన మనిషి అంటూ మా వీధిలో ఉంటే అతనే. ‘నేనేమైనా దొంగనా, ఐపీ పెట్టడానికి’ అని ఒకసారి నాతోనే అన్నాడు.

ఇలాంటివాళ్ల కోసమని 2016లో వచ్చిన దివాలా స్మృతిలో వ్యక్తుల అప్పులకు ఒక భాగమే కేటాయించారు. అందులో కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి సంబంధించినంత వరకే 2019 డిసెంబరు 1 నుంచి అమలులోకి తెచ్చారు. కంపెనీకి హామీ సంతకం పెట్టిన పెద్ద యజమానికి కొత్త చట్టం, దర్జీకి 1920 చట్టం. చిన్నవాళ్లకు ‘తాజా ఆరంభం’ పేరుతో అప్పు రద్దు చేసే అధ్యాయం కూడా ఆ స్మృతిలో కాగితం మీద ఉంది: ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. ఈ అంకెలతో అది అమలైనా మా దర్జీ గడప దాకా రాదు. అంకెలు సవరించి ఆ భాగాన్ని అమలు చేయమని మన పార్లమెంటు సభ్యులు ఎవరైనా అడిగితే బాగుండును. అప్పటిదాకా మండల న్యాయ సేవా కమిటీలు తమ శిబిరాల్లో ఈ పాత చట్టాన్నే ఒక పూట వివరించవచ్చు.

మీ పత్రికకు ఒక విన్నపం. ‘ఐపీ’ వార్త వేసినప్పుడు, ఆ మనిషి పిటిషన్ వేశాడా, కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటించిందా, ఆస్తులు దాచాడన్న ఆరోపణ ఎవరైనా చేశారా అన్నది విడదీసి రాయండి. ఏడాది తర్వాత ఆ పిటిషన్ ఏమైందో కూడా వీలైతే రాయండి. అప్పిచ్చి నష్టపోయినవాళ్లు ఆ వార్త కోసం ఎదురు చూస్తుంటారు.

ఇట్లు,
ఒక మాజీ ప్రింటింగ్ ప్రెస్ యజమాని,
తెనాలి
(అప్పిచ్చినవారి పరువు దృష్ట్యా పేరు ప్రచురించవద్దని మనవి.)